అరవై దాటితే వణికే బండి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే పికప్ డ్రైవర్లలో సగం మంది చెప్పేది ఒకటే: "మేస్త్రీగారూ, అరవై దాకా బండి బంగారం. అరవై దాటితే చాలు, వణుకుడు." మిగతా సగం మంది మోత గురించి చెబుతారు. ఆ మోతని నోటితో చేసి మరీ వినిపిస్తారు. ఒకడు బుయ్‌మంటాడు, ఒకడు గరగర అంటాడు, ఇంకొకడు బానెట్ మీద వేళ్ళతో టకటకలాడిస్తాడు. నలభై ఏళ్ళుగా ఈ కచేరీ వింటున్నాను. నవ్వులాటగా ఉంటుందిగానీ, ఆ అనుకరణలోనే సగం రోగం బయటపడుతుంది.

నేను 1984లో విజయవాడ వచ్చి ఒక లారీల షెడ్డులో డీజిల్‌తో నట్లు కడిగే పనిలో చేరాను. అప్పటికి పికప్ అనే మాట మాకు తెలీదు. లారీలు, జీపులు, మెటడోర్ వ్యాన్లు, అంతే. ఆ దశాబ్దం చివర్లో టాటా మొబైల్ వచ్చింది, ఆ తర్వాత మహీంద్రా పికప్పులు రోడ్లని నింపేశాయి, 2005లో టాటావాళ్ళ ఛోటా హాథీ దిగింది. ఇప్పుడు నూజివీడు మామిడికాయల నుంచి కైకలూరు చేపల దాకా అన్నీ వీటి మీదే పోతున్నాయి. కింద రాసేదంతా వెనక కమాను పట్టీలు ఉండి, గేరుబాక్సు నుంచి వెనక హౌసింగ్ దాకా ప్రొపెల్లర్ షాఫ్టు పోయే పికప్పుల సంగతి. కార్లకి కొంత వర్తిస్తుంది, అంతా కాదు.

1. పానా పట్టే ముందు అడగండి

ఎంత స్పీడులో మొదలవుతోంది? ఇంకా తొక్కితే పెరుగుతోందా, పోతోందా? లోడు మీదా, ఖాళీగానా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఇది మొదలవ్వకముందు బండికి ఏం పని చేయించావు?"

"ఏమీ చేయించలేదండీ" అంటారు. టీ తెప్పించి, గ్లాసు సగమయ్యాక మళ్ళీ అడగండి. "పంక్చరు వేయించానండీ, అంతే." ఆ "అంతే" దగ్గరే ఉంటుంది అసలు కథ.

చేపల లోడు తోలే కుర్రాడొకడు అలాగే వచ్చాడు. అప్పటికే రెండు షెడ్లు తిరిగాడు. ఒకచోట షాఫ్టుకి క్రాసులు మార్చారు, ఇంకోచోట సెంటర్ బేరింగ్ వేశారు. వణుకు మాత్రం ఎక్కడిదక్కడే. నేను ఎడమ వెనక చక్రం ఊడదీశాను. డ్రమ్ముకీ రిమ్ముకీ మధ్య, తుప్పు పెచ్చు ఒకటి నలిగి అతుక్కుపోయి ఉంది. కందిపప్పు బద్దంత. పంక్చరు వేసినవాడు తుడవకుండా చక్రం ఎక్కించి నట్లు బిగించేశాడు. ఆ బద్ద హబ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఎత్తు లేపితే, టైరు అంచుకి వచ్చేసరికి అది నాలుగు మిల్లీమీటర్ల వంకర అవుతుంది. అరవైలో వణక్క ఏం చేస్తుంది? వైరు బ్రష్షుతో రెండు మొహాలూ గీకి, నట్లు ఎదురెదురుగా విడతల వారీగా బిగించాను. అరగంట పని. ఆ కుర్రాడు అప్పటికి పెట్టిన ఖర్చు మాత్రం నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

2. పక్క సీట్లో కూర్చుని వెళ్ళండి

షెడ్డులో నిలబెట్టిన బండి స్పీడులో వచ్చే జబ్బు చూపించదు. రోడ్డు ఎక్కాలి. నేను తెల్లారగట్ల గన్నవరం వైపు హైవే మీదకి తీసుకెళతాను, ట్రాఫిక్ పలచగా ఉంటుంది. స్టీరింగ్ రోజూ తోలే మనిషికే ఇస్తాను, మోత ఎప్పుడు ఎలా వస్తుందో ఆ చేతులకి తెలుసు. పాటలు ఆపించాలి. లోడు బాడీలో గిలకొట్టుకునే జాకీ, గొలుసులు, ఖాళీ ట్రేలు దింపేయాలి. వెనక తలుపు గడియ మోతని డిఫరెన్షియల్ మోత అనుకుని వచ్చినవాళ్ళని నేను ఇద్దర్ని చూశాను.

నేను పని నేర్చుకున్న షెడ్డులో మా మేస్త్రీకి చెవి మందం. లారీ సైలెన్సర్ల మధ్య ముప్పై ఏళ్ళు బతికితే ఎవరికైనా అంతే. ఆయన మోత వినేవాడు కాదు, తాకేవాడు. రెండు వేళ్ళు గేరు రాడ్ మీద ఆనించి, రెండో అరచెయ్యి సీటు అంచున పెట్టి కళ్ళు మూసుకునేవాడు. స్టీరింగ్ చక్రం ఊగితే ముందు టైర్లు చూడమనేవాడు. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, నేల వణికితే వెనక్కి పొమ్మనేవాడు. పూర్తిగా నిజమైన సూత్రం కాదిది. ఛాసీ గట్టిది కాబట్టి వెనకది ముందుకీ పాకుతుంది. అయినా పదింట ఏడెనిమిదిసార్లు నన్ను సరైన చక్రం దగ్గరికి చేర్చింది.

సగం నీళ్ళున్న సీసా ఒకటి కాళ్ళ దగ్గర నిలబెట్టండి. చక్రం నుంచి వచ్చే వణుక్కి నీళ్ళు అటూ ఇటూ ఒలికినట్టు ఊగుతాయి. షాఫ్టు నుంచి వచ్చే వణుక్కి నీళ్ళ పైన కాగే పాల మీగడలా సన్న ముడతలు పడతాయి. రోడ్డు మధ్య సిమెంటు గోడ ఉన్న చోట ఆ పక్క అద్దం దించితే మోత గోడకి తగిలి తిరిగొస్తుంది. ఏ పక్కదో అప్పుడు బాగా తెలుస్తుంది.

కుర్రతనంలో నేను వెనక లోడు బాడీలో బోర్లా పడుకుని, చెవి రేకుకి ఆనించి విన్నాను. మీరు ఆ పని చెయ్యకండి.

3. నిమిషానికి కిలోమీటరు

ఈ లెక్క నేర్చుకున్నాక నా పని సగం తేలికైంది. గంటకి 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. 15 అంగుళాల రిమ్ము పికప్ టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.2 మీటర్లు పోతుంది. అంటే 60లో చక్రం నిమిషానికి 450 చుట్లు, సెకనుకి ఏడెనిమిది తిరుగుతుంది. ఆ ఊపు చేతికి ఒక్కొక్కటిగా అందుతుంది. దడ, దడ, దడ.

షాఫ్టు సంగతి వేరు. క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 10 పళ్ళు ఉన్న బండి అనుకోండి. చక్రం ఒకసారి తిరిగేలోగా షాఫ్టు నాలుగు చుట్ల పైన తిరుగుతుంది. అంటే అదే 60లో నిమిషానికి 1,800 దాటి, సెకనుకి ముప్పై. అది చేతికి ఊపులా అందదు, తిమ్మిరిలా అందుతుంది. అద్దంలో వెనక బండి బొమ్మ మసకబారుతుంది, డాష్‌బోర్డులో ఎక్కడో రేకు జుయ్‌మంటుంది.

కాబట్టి డ్రైవర్ "ఊగుతోంది" అన్నాడా, "జివ్వుమంటోంది" అన్నాడా, జాగ్రత్తగా వినండి. మొదటి మాటకి టైర్లు, రిమ్ములు, యాక్సిల్. రెండో మాటకి షాఫ్టు, క్రాసులు. మన భాషలో ఈ రెండు మాటలూ విడివిడిగా ఉండటం మెకానిక్కుల అదృష్టం.

4. రోడ్డు స్పీడా, ఇంజిన్ స్పీడా?

అరవైలో టాప్ గేరులో వణుకుతోందా? అదే అరవైలో ఒక గేరు దించి తోలి చూడండి. బండి స్పీడు మారలేదు, ఇంజిన్ తిరుగుడు పెరిగింది. వణుకు మారకపోతే ఇంజిన్ జోలికి పోవక్కర్లేదు. మారిందా, బండిని నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజిన్‌ని అదే రేసుకి తీసుకెళ్ళండి. నిలబడి ఉన్నా వణికితే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు, ఫ్యాను, పుల్లీ వైపు చూడాలి. క్లచ్చి తొక్కినప్పుడూ వదిలినప్పుడూ తేడా వస్తే క్లచ్చి ప్లేటు సెట్టు వైపు.

ఇంకో పరీక్ష: ఖాళీ రోడ్డు మీద, చదునైన చోట, స్పీడు అందుకుని న్యూట్రల్ చేసి బండిని దానంతట అది పోనివ్వడం. అప్పుడూ వణుకు అలాగే ఉంటే అది ఇంజిన్‌ది కాదు. తాళం మాత్రం తియ్యకూడదు. తాళం తీస్తే స్టీరింగ్ లాకు పడొచ్చు, బ్రేకు బూస్టరుకి గాలి గుంజే వ్యాక్యూమూ ఆగిపోతుంది. ఈ పరీక్ష చేస్తూ తాళం తీసిన ఒక కుర్రాణ్ణి తిట్టినంతగా నా జీవితంలో ఎవర్నీ తిట్టలేదు.

5. చక్రం దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

స్పీడు మీద వచ్చే వణుకుల్లో నేను చూసినవాటిలో సగానికి పైన చక్రం దగ్గరే తేలాయి. ఎందుకంటే చక్రానికి జరిగే అన్యాయాలు ఎక్కువ. గుంటలో పడేది అదే, పంక్చరు షాపులో సుత్తి దెబ్బలు తినేది అదే, బురదలో దిగబడేది అదే.

వరి నూర్పిళ్ళ రోజుల్లో ఉయ్యూరు అవతల నుంచి ఒక రైతు కొత్త పికప్ తెచ్చాడు. కొని ఆరు నెలలు కాలేదు. "కొత్త బండి అండీ, యాభై అయిదు దాటితే తల ఊగినట్టు ఊగుతోంది" అన్నాడు. ఏ క్రాసో పోయిందని భయపడుతూ వచ్చాడు పాపం. జాకీ ఎత్తి నాలుగు చక్రాల లోపలి వైపూ టార్చి వేసి చూశాను. మూడు రిమ్ముల లోపల నల్లమట్టి. బస్తాలు ఎత్తడానికి తడి చేలోకి దించాడు. మట్టి రిమ్ము అడుగున జారి, రాత్రంతా నిలబడ్డ బండిలో ఒక పక్కకి చేరి ఆరి, ఇటుక అయిపోయింది. పుల్లతో పొడిస్తే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. తరాజులో వేసి చూస్తే ఒక్క చక్రంలోదే రెండు వందల గ్రాముల పైచిలుకు.

రెండు వందల గ్రాములు ఏం చేస్తాయని అడుగుతారు. రిమ్ము అంచున ఒక్క యాభై గ్రాములు ఎక్కువుంటే అరవైలో అది చక్రాన్ని రెండు కిలోల బలంతో బయటికి లాగుతుంది, సెకనుకి ఏడెనిమిదిసార్లు దిక్కు మారుస్తూ. స్పీడు ఒకటిన్నర రెట్లై తొంభై అయితే లాగుడు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. దాదాపు అయిదు కిలోలు. ఈ రైతు చక్రంలో నాలుగు యాభైలున్నాయి, లెక్క మీరే వేసుకోండి. "అరవై దాకా బంగారం" ఎందుకవుతుందో కూడా ఇందులోనే ఉంది. తప్పు నలభైలోనూ ఉంది, మనకి తెలిసేంత బలం దానికి లేదు, అంతే. నీళ్ళ పైపు పెట్టి కడిగి పంపాను. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మర్నాడు ఒక బస్తా బియ్యం వచ్చింది, అది వేరే సంగతి.

మట్టి లేకపోతే వరసగా ఇవి చూడాలి. రిమ్ము అంచున సీసం ముక్క ఊడిన గుర్తు ఉందా? దుమ్ము పట్టని శుభ్రమైన గళ్ళు కనిపిస్తే అక్కడి బ్యాలెన్స్ వెయిటు రాలిపోయిందన్నమాట. రిమ్ము సొట్ట పడిందా? టైరు గుబ్బ లేచిందా? జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, టైరు మొహానికి వెంట్రుకవాసి దూరంలో స్క్రూడ్రైవర్‌ని ఇటుక మీద కదలకుండా ఆనించి చక్రం నెమ్మదిగా తిప్పండి. ఒకచోట తాకి ఒకచోట ఎడంగా పోతే టైరు గుండ్రంగా లేదు. గుండ్రంగా లేని టైరుని బ్యాలెన్సింగ్ మిషను బాగుచెయ్యలేదు. మిషను బరువు సరిచేస్తుందేగానీ ఆకారాన్ని కాదు. బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదని మిషనువాడితో పోట్లాడేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

లోడు వేసి పది రోజులు ఒకేచోట నిలబెట్టిన బండికి టైరు కిందిభాగం అణిగిపోతుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడలాడి, టైరు వేడెక్కాక అదే సర్దుకుంటుంది. అలా పోయే వణుక్కి నా దగ్గరికి రావక్కర్లేదు.

6. నా చేతులారా చేసిన తప్పు

పాతికేళ్ళు దాటింది. కూరగాయల మార్కెట్‌కి తిరిగే ఒక టాటా 207 పికప్ వచ్చింది. యాభైలో మొదలై, స్పీడుతో పాటు పైకి లేస్తూ ఒకటే ఊళ. వెనక నుంచి. చూడగానే "క్రౌన్ పినియన్" అన్నాను. అప్పటికి నాకు చేతినిండా పని, నోటినిండా గర్వం. హౌసింగ్ విప్పాను, పళ్ళు కాస్త అరిగినట్టే కనిపించాయి. చూడాలనుకున్నవాడికి అన్నీ అరిగినట్టే కనిపిస్తాయి. కొత్త సెట్టు తెప్పించి, మూడు రోజులు షిమ్ములతో కుస్తీ పట్టి బిగించాను. ట్రయల్‌కి వెళ్ళాం. అదే ఊళ, అదే యాభైలో, అదే రాగం.

మా మేస్త్రీ అప్పటికి పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. వెళ్ళి చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు: "సిమెంటు రోడ్డు మీద ఎలా ఉంది, తారు రోడ్డు మీద ఎలా ఉంది?" నేను గమనించలేదు. "పోయి ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ వెయ్యరా" అన్నాడు. వేశాను. ఊళ ముందుకొచ్చి కూర్చుంది!

ఆ టైర్ల మీద చెయ్యి వేసి నిమిరితే అప్పుడు తెలిసింది. ఒక వైపు నిమిరితే నున్నగా జారుతోంది, ఎదురు నిమిరితే చేప పొలుసులా గరుకుగా తగులుతోంది. టైరు పలకలు ఒక అంచున అరిగి రంపం పళ్ళలా తయారయ్యాయి. అలా ఎగుడుదిగుడుగా అరగడానికి కారణం అరిగిన షాక్ అబ్జార్బర్లు, తక్కువ గాలి. క్రౌన్ సెట్టు ఖరీదు నేనే భరించాను. ఆ ఏడు మా ఆవిడ కొందామనుకున్న గ్రైండరు మరుసటేడుకి వాయిదా పడింది. ఇప్పటికీ పిండి రుబ్బుతూ గుర్తు చేస్తుంది.

అప్పటి నుంచి ఊళ వేసే ప్రతి బండికీ ఇదే వరస. రోడ్డు మారితే మోత మారిందా? అయితే టైరు. రోడ్డు ఏదైనా మోత ఒకటేనా? బేరింగ్. ఖాళీగా ఉన్న విశాలమైన రోడ్డు మీద నెమ్మదిగా ఎడమకీ కుడికీ మెలికలు తిప్పండి. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే చాలావరకు కుడి బేరింగే. కుడికి తిప్పితే పెరిగితే ఎడమది. తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆట ఉంటే బేరింగ్ వదులు. పక్కలకి పట్టి ఊపినప్పుడే ఆట ఉంటే ముందు చక్రానికి అది టై రాడ్ ఎండ్ కావచ్చు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి కమాను మీద వేస్తే, పోయిన బేరింగ్ ఇసుక నమిలినట్టు చేతికి తెలుస్తుంది. చేపలు, రొయ్యలు తోలే బండ్లకి ఇవి తొందరగా పోతాయి. ట్రేల నుంచి ఉప్పునీళ్ళు కారని రోజు ఉండదు కదా.

కొత్తగా బటన్ టైర్లు వేయించి "మోత వస్తోంది" అనేవాళ్ళూ ఉన్నారు. వస్తుంది. అది జబ్బు కాదు, ఆ టైరు గొంతు.

7. షాఫ్టు విప్పితే గాటు పెట్టండి

షాఫ్టు చివర ఉండే కీలుని ఐటీఐ పుస్తకాల్లో హుక్స్ జాయింట్ అంటారు. రాబర్ట్ హుక్ అనే 17వ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడి మీద వచ్చిన పేరు. మనం క్రాస్ అంటాం. దీనికి ఒక గుణం ఉంది. వంపులో తిరిగేటప్పుడు, ఇటు ఒకే వేగంతో తిప్పినా అటు ఒక చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నెమ్మదిస్తుంది. రెండో చివర ఉన్న క్రాస్ అంతే కొలతలో దానికి ఎదురు పనిచేసి ఆ తప్పుని కొట్టేస్తుంది. అది జరగాలంటే షాఫ్టు రెండు చివర్ల ఉన్న యోకులు కంపెనీ ఇచ్చిన వరసలోనే ఉండాలి, రెండు వంపులూ సమానంగా ఉండాలి.

షాఫ్టు విప్పేటప్పుడు పంచ్‌తో గాటు పెట్టకుండా విప్పేసి, పళ్ళు ఎక్కడ పడితే అక్కడ దూర్చి బిగిస్తే, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మాని చేతులు కలుపుతాయి. కొత్త క్రాసులు వేయించాక వణుకు మొదలైందని వచ్చిన బండ్లలో నేను మొట్టమొదట చూసేది షాఫ్టు మీది బాణం గుర్తులే. చాక్‌పీసు గీత చాలదు, గ్రీజు చేత్తో తుడిస్తే పోతుంది.

పోబోయే క్రాసు ముందే చెబుతుంది. నెమ్మదిగా పోతుంటే షాఫ్టు తిరుగుడుతో పాటు పిచ్చుక కూతలా కిచకిచ. గేరు వేసి క్లచ్చి వదలగానే కింద టక్కుమని ఒక దెబ్బ. టోపీ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూదులు ఎండిపోయాయని అర్థం. గ్రీజు నిపుల్ ఉన్నదానికి గ్రీజు కొట్టించడానికి ఎంతవుతుంది? ముందు వైపు క్రాసు పరుగులో విరిగితే షాఫ్టు కొస రోడ్డులో గుచ్చుకుంటుంది. బండిని ఎత్తి పడేసిన సందర్భాలు ఉన్నాయి.

రెండు ముక్కల షాఫ్టున్న పొడుగు బండ్లలో మధ్యన సెంటర్ బేరింగ్ రబ్బరు సంచిలో వేలాడుతుంటుంది. ఆ రబ్బరు చిరిగితే బండి కదిలేటప్పుడు, ముఖ్యంగా లోడుతో, ఒళ్ళు జలదరించినట్టు ఒక కుదుపు వచ్చి పోతుంది. స్పీడు అందుకున్నాక బాగానే ఉన్నట్టుంటుంది. అలా కదిలేటప్పుడే వచ్చి పోయే వణుకుని టైర్ల మీద వెయ్యకండి.

ఇంకో చిన్న విషయం. ఒక బండి షాఫ్టుకి పురికొస చుట్టుకుని, దాని మీద తారు అంటి, పిడికిలంత ముద్ద అయింది. కొడవలితో కోసి తీశాను. వణుకు అక్కడితో సరి. షాఫ్టు కింద పడుకుని టార్చి వేసి చూస్తే రెండు నిమిషాలు. సొట్ట ఉందా, అతికిన వెయిటు ముక్క ఊడిందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

8. పట్టీలు ఎక్కించిన పాపం

లోడు ఎక్కువ వెయ్యడం కోసం కమానుకి ఒకటో రెండో పట్టీలు ఎక్కువ వేయించడం మనవాళ్ళకి మామూలు. దానివల్ల వెనక భాగం లేస్తుంది, షాఫ్టు వంపు పెరుగుతుంది. గేరుబాక్సు వైపు వంపుకీ హౌసింగ్ వైపు వంపుకీ కంపెనీ కుదిర్చిన పొత్తు చెడుతుంది. అలాంటి బండి లోడుతో నిమ్మళంగా పోతుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు జివ్వుమంటుంది. "లోడు వేస్తే బాగుందండీ, ఖాళీగానే గోల" అని ఎవరైనా అంటే పట్టీలు లెక్కపెట్టండి. యూ బోల్టులు వదులయ్యాయేమో, కమాను సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకి జరిగిందేమో కూడా అప్పుడే చూడండి.

పట్టీ తీసెయ్యమంటే యజమానులు ఒప్పుకోరు. వాలుగా ఉండే చీల ముక్క వేసి హౌసింగ్ కోణం సర్దడం ఒక దారి. నన్నడిగితే లోడు తగ్గించమంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ వినలేదు.

9. క్రౌన్ పినియన్ చివర్లోనే

ఆక్సిలరేటర్ తొక్కితే ఊళ వచ్చి, వదలగానే ఆగిందా, లేక వదిలినప్పుడే వచ్చిందా? ఇలా కాలితో పాటు మారే మోత గేర్ల పళ్ళది. తొక్కినా వదిలినా ఒకలాగే గరగరమంటే బేరింగులు అనుమానించాలి. విప్పే ముందు ఆయిల్ దించి వేళ్ళ మధ్య రుద్దండి. ఇనుప రజను మెరుస్తోందా? పాలలా తెల్లబడిందా? తెల్లబడితే నీళ్ళు దూరాయి. ఆయిల్ తక్కువై మోత వస్తే, పోశాక తగ్గొచ్చు. కానీ ఎందుకు తగ్గిందో, సీలు ఎక్కడ కారుతోందో చూడకుండా పంపితే నెల తర్వాత మళ్ళీ మీ షెడ్డుకే వస్తుంది. నేను ఒకసారి డబ్బు పోగొట్టుకున్న చోటు కాబట్టి, ఈ నట్టు మీద పానా పెట్టేముందు ఇప్పటికీ టైర్లు ఒకసారి నిమిరి వస్తాను.

10. బ్రేకు వేస్తేనే వణికితే

అది బ్యాలెన్సింగ్ పని కాదు. స్టీరింగ్ ఊగితే ముందు డిస్కులు, పెడల్ తన్నుతూ సీటు ఊగితే వెనక డ్రమ్ములు.

11. ఒకసారికి ఒకటే మార్చండి

టైర్లు తిప్పి, క్రాసులు మార్చి, బేరింగ్ వేసి, అలైన్‌మెంట్ చేయించి, అన్నీ ఒకేరోజు చేసి "పోయింది చూశారా" అంటే దేనివల్ల పోయిందో మీకూ తెలీదు. యజమాని మాత్రం అన్నిటికీ కట్టాడు. ఒకటి మార్చి, ట్రయల్ చూసి, పాత కాగితం మీద స్పీడు రాసుకుని, అప్పుడు రెండోది. యజమానులు కూడా పాత సామాను అడిగి తీసుకోవాలి. బాగున్న బేరింగ్‌ని పోయిందని చెప్పే షెడ్లు మా వీధిలోనూ ఉన్నాయి, మీ ఊళ్ళోనూ ఉంటాయి.

పరీక్ష కోసం ఒక వెనక చక్రాన్నే జాకీ ఎత్తి గేరులో తిప్పకండి. డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఒక్కటే రెండింతలు తిరుగుతుంది. మీటరు నలభై చూపిస్తుంటే అది ఎనభైలో తిరుగుతోందన్నమాట. జాకీ జారితే బండి గోడ దాటి పోతుంది.

12. ఇంటికెళ్ళాక చూద్దాం అనకూడనివి

టైరు పక్కన గుబ్బ. చెయ్యి పెట్టలేనంత వేడెక్కిన హబ్. నిన్నటిదాకా లేని వణుకు ఇవాళ పది కిలోమీటర్లకే రెట్టింపవడం. నట్ల చుట్టూ తుప్పు నీటి చారలు. వీటిలో ఏది కనిపించినా లోడు సంగతి తర్వాత, బండి పక్కకి తీసి ఆపాలి. మామిడికాయలు ఒక పూట ఆలస్యమైతే ధర కొంత పోతుంది. నట్లు ఊడి చక్రం ఎదురొచ్చేవాడి మీదకి పోతే ఏమవుతుందో నేను ఒకసారి కళ్ళారా చూశాను, దాన్ని ఇక్కడ రాయను.

పంక్చరు వేయించిన రోజు, చక్రం ఎక్కించే ముందు హబ్ మొహం గుడ్డతో తుడవమని పక్కన నిలబడి చెప్పండి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక ఆగి, నట్లు మళ్ళీ ఒకసారి బిగించండి. వీల్ స్పానర్ మీ సీటు వెనకే ఉంది.